చివకడం, కోత, మేట: వైజాగ్ పిల్లలకి ఈ పాఠం ఎలా చెప్పాలంటే

మేడమ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మధురవాడలో ఏడో తరగతికి ఈ ఏడే సోషల్ మొదలుపెట్టారు, శైథిల్యం (వెదరింగ్), క్రమక్షయం (ఎరోజన్), నిక్షేపణ (డిపోజిషన్) మూడిటికీ డెఫినిషన్లు పిల్లలు గడగడా అప్పజెప్పేస్తున్నారు, కానీ ఒక ఫోటో చూపించి ఇక్కడ ఏం జరిగిందిరా అంటే క్లాసంతా ఒకటే మాట "ఎరోజన్" అంటున్నారు, ల్యాబ్ లేదు, బస్సు పెట్టి బయటికి తీసుకెళ్ళే పరిస్థితీ లేదు, ఏం చెయ్యాలి అని కదా. నేను 26 ఏళ్ళు హైస్కూళ్ళలో ఇదే పాఠం చెప్పి పోయినేడాది రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం భీమిలి, ఆనందపురం వైపే. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, టీ పెట్టుకుని చదవండి.

ముందు నా తప్పు చెప్తా. స్కూల్‌కి ప్రొజెక్టర్ వచ్చిన కొత్తలో నేను మహా ఉత్సాహంగా అమెరికా గ్రాండ్ కాన్యన్ ఫోటో వేసి, చూశారా కొలరాడో నది ఎంత లోతు కోసేసిందో అని అరగంట చెప్పాను. వెనక బెంచీలో ఒకడు లేచి "సార్, అదే మండలం సార్?" అన్నాడు. క్లాసు గొల్లుమంది, నేనూ నవ్వేశాను. సాయంత్రం బస్సులో ఇంటికొస్తుంటే అనిపించింది వాడడిగిందే కరెక్టు ప్రశ్న అని. మా స్కూలు నుంచి నాలుగు కిలోమీటర్లలో ఎర్రమట్టి దిబ్బలు (భీమిలి దారిలో తీరాన ఉన్న ఎర్ర ఇసుక దిబ్బలు) పెట్టుకుని, కిటికీలోంచి కనపడే కొండ పెట్టుకుని, నేను వాళ్ళకి ఎక్కడో ఆరిజోనా చూపిస్తున్నా. అక్కడ నుంచి పద్ధతి మార్చాను.

మీ పిల్లలు మూడూ కలిపేయడానికి అసలు కారణం బద్ధకం కాదు. శైథిల్యం అనే మాట వాళ్ళు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి ఇంకో తంటా, వెదరింగ్ అనగానే వెదర్ గుర్తొచ్చి "అంటే వాతావరణం మారడం సార్" అంటారు. రెండు భాషల పుస్తకంలో ఎదురుగా తెలుగు పేజీ ఉన్నా అక్కడున్న తెలుగు కూడా వాళ్ళకి పరాయిదే. అందుకని మొదటి రెండు పీరియడ్లు టెక్స్ట్‌బుక్ మాటలే ఎత్తను. చివకడం, కోత, మేట. శైథిల్యానికి చివకడం, క్రమక్షయానికి కోత, నిక్షేపణకి మేట, ఈ మూడు మాటలతోనే నడిపిస్తా. బట్ట చివికిపోయింది అంటారు కదా, చిరిగి పోలేదు, ఎగిరి పోలేదు, ఉన్న చోటే ఉండి బలం పోయింది, పట్టుకుంటే పొడుం అవుతుంది. రాయి కూడా అంతే. కోత అంటే ఏటి ఒడ్డు కోసుకుపోయింది, రోడ్డు కోసుకుపోయింది, ఇది పిల్లలందరికీ తెలుసు, తుఫాను వస్తే టీవీలో వినే మాటే. మేట అంటే పొలంలో ఇసుక మేట వేసింది, అదే చెరువులో అయితే పూడిక అంటాం. ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఉంటే వాళ్ళే మిగతా వాళ్ళకి చెప్తారు, క్లాసులో మామూలుగా నోరు విప్పని వాడు ఆ రోజు హీరో అవుతాడు.

ఆ తరవాత ఒకే ఒక్క ప్రశ్న నేర్పిస్తా: కదిలిందా? ఏ ఫోటో చూసినా ఏ గోడ చూసినా ముందు అది అడగాలి. రాయి బలం పోయింది, పెచ్చులు లేచాయి, పగిలింది, కానీ ముక్క ఇంకా అక్కడే ఉంది అంటే చివకడం. నీళ్ళో గాలో అలో పట్టుకుపోతోంది అంటే కోత. తీసుకెళ్ళిన వాడికి ఓపిక అయిపోయి కింద పెట్టేశాడు అంటే మేట. నదికి ఓపిక అయిపోవడం అని చెప్తే సైన్స్ టీచర్లు నన్ను కోప్పడతారేమో గానీ ఏడో తరగతికి నీటి వేగం తగ్గితే మోసే శక్తి తగ్గుద్ది అన్న విషయం ఇంతకన్నా తేలిగ్గా నేను చెప్పలేకపోయాను.

బస్సు లేదన్నారు కదా, బస్సు అక్కర్లేదు. వాన పడిన మర్నాడు పిల్లల్ని స్కూలు కాంపౌండ్‌లోనే తిప్పండి, ఒక్క పీరియడ్ చాలు. ఎక్కడ చూడాలో చెప్తా. ఉత్తరం వైపు నీడలో ఉండే గోడ, పెచ్చులూడి సిమెంటు పొడుం రాలుతుంటుంది, చెయ్యి పెట్టి రుద్దమనండి. సన్‌షేడ్ చివర నుంచి నీళ్ళు ధారగా పడే చోట నేల మీద వరసగా గుంటలు ఉంటాయి, అందులో చిన్న రాళ్ళు మాత్రం మిగిలి మట్టి పోయి ఉంటది. గ్రౌండ్‌లోంచి నీళ్ళు బయటికి పోయే తూము దగ్గర విసనకర్ర ఆకారంలో ఇసుక పరుచుకుని ఉంటది, దగ్గరగా చూస్తే తూము మొదట్లో గరుకు ఇసుక, చివర్లో మెత్తటి బురద ఎండి పగిలి ఉంటది. ఒక చిన్న డెల్టా అన్నమాట. గోదావరి డెల్టా మ్యాప్ చూపించే ముందు దీన్ని చూపిస్తే మ్యాప్ వాళ్ళకి వెంటనే ఎక్కుద్ది. గోడ పగుల్లో రావి మొక్క ఉంటే ఇంకా మంచిది, వేరు గోడని ఎలా విడదీస్తోందో చూపించొచ్చు, పీకించకండి, ఏడాదంతా పనికొస్తుంది. ఒక్కో చోట ఆగి కదిలిందా అని అడగడమే మీ పని. కొట్టుకుంటారు వాళ్ళలో వాళ్ళు. కొట్టుకోనివ్వండి.

ఇప్పుడు కొండ. మన వైజాగ్ కొండలు, కైలాసగిరి గానీ సింహాచలం గానీ, ఎక్కువగా ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో ఉండే ఖోండ్ గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది, పిల్లలకి ఈ ముక్క బాగా నచ్చుతుంది, మన కొండ రాయికి మన పక్క మనుషుల పేరు ప్రపంచమంతా వాడుతున్నారని. రాయిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిలిమనైట్ అనే ఖనిజాలు ఉంటాయి. పేర్లు బట్టీ పెట్టించకండి, కానీ ఒక్కోటి ఒక్కో రకంగా చివుకుతుంది అన్నది మాత్రం చెప్పండి. ఫెల్డ్‌స్పార్ వాన నీళ్ళకి నానీ నానీ తెల్లటి సుద్దమట్టి అయిపోద్ది. గార్నెట్‌లో ఉన్న ఇనుము తుప్పు పట్టి ఎర్రబడుద్ది. క్వార్ట్జ్ మాత్రం మొండిది, ఏం కాదు, ఇసుక రేణువులా మిగిలిపోద్ది. మీరు ఎప్పుడైనా కొత్త రోడ్డు కోసం తవ్విన కొండ అంచు చూశారా, ఎర్రగా తెల్లగా చారలు చారలుగా ఉంటది, పార పెడితే దిగిపోద్ది, అది రాయే, కానీ రాయి కాదు. అలా చివికిన కొండ ఫోటో ఒకటి మీ ఫోన్‌లో తీసుకుని పెట్టుకోండి, గ్రాండ్ కాన్యన్ కన్నా పది రెట్లు పనికొస్తుంది. కోణార్క్ గుడి కూడా ఈ రాయితోనే కట్టారు, 13వ శతాబ్దంలో, సముద్రపు ఉప్పు గాలికి అక్కడ శిల్పాల ముఖాలు ఎలా అరిగిపోయాయో ఫోటోలు దొరుకుతాయి. ఉప్పు నీళ్ళు రాతి రంధ్రాల్లోకి పోయి ఎండినప్పుడు ఉప్పు గడ్డకట్టి లోపల నుంచి తోస్తుంది, పెచ్చు లేస్తుంది. బీచ్ రోడ్‌లో ఇల్లున్న పిల్లాడు ఉంటే వాళ్ళింటి గోడ గురించి అడగండి, తండ్రి ప్రతి రెండేళ్ళకీ ఎందుకు రంగులేయిస్తాడో చెప్తాడు.

కదలకుండా చివకడం అంటే ఏంటో చెప్పడానికి నా దగ్గరున్న బెస్ట్ ఉదాహరణ బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ముడి ఖనిజం. అనంతగిరి, చింతపల్లి వైపు ఎత్తు కొండల నెత్తిన బాక్సైట్ ఉందని పేపర్లో చాలాసార్లు చదివి ఉంటారు, తవ్వకాల గొడవల వల్ల. అది ఎక్కడి నుంచో వచ్చి పడింది కాదు. కొండ పైన బల్లపరుపుగా ఉన్న చోట లక్షల ఏళ్ళు వాన కురిసి ఖోండలైట్‌లో కరిగే సరుకంతా కిందకి దిగిపోతే, కరగని అల్యూమినియం, ఇనుము అక్కడే మిగిలిపోయాయి. బియ్యం కడిగితే తౌడు పోయి బియ్యం మిగిలినట్టు. పిల్లలు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తారు, "కరిగింది కిందకి దిగిపోయింది కదా సార్, మరి అది కదలడమే కదా" అని. కరెక్టే. శభాష్ అనండి. ప్రకృతిలో ఈ మూడూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడుస్తాయి, మనం అర్థం చేసుకోవడానికి విడదీశాం అని అప్పుడు చెప్తే తలకెక్కుద్ది, ముందే చెప్తే గందరగోళం.

బొర్రా గుహలు వెళ్ళొచ్చిన పిల్లలు క్లాసులో సగం మంది ఉంటారు, అక్కడ నుంచి మొదలుపెట్టి గోస్తనీ నది వెంట భీమిలి దాకా తీసుకెళ్తే పాఠం మొత్తం ఒక కథ అయిపోద్ది, నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే. చుట్టూ ఖోండలైట్ కొండల మధ్య బొర్రా దగ్గర సున్నపురాయి ఉంది. వాన నీళ్ళు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పలచటి ఆమ్లం అవుతాయి, అంటే సోడా లాంటిదే అనుకోండి, అది సున్నపురాయిని కరిగించి గుహ చేసింది. అదే నీళ్ళు గుహ కప్పు నుంచి బొట్టు బొట్టుగా కారేటప్పుడు లోపలున్న గ్యాస్ తప్పించుకుపోయి సున్నం మళ్ళీ రాయిగా దిగుద్ది, అవే పైనుంచి వేలాడేవి, కింద నుంచి లేచేవి, గైడ్ టార్చ్ వేసి ఇది శివలింగం, ఇది మొసలి అని చూపించేవి. అంటే ఒకే గదిలో కరగడమూ ఉంది, మేటా ఉంది. ఈ మేట ఇసుకది కాదు, కరిగిన సున్నానిది.

దీనికి ప్రయోగం చేస్తానని ఒకసారి నేను అందరి ముందు భంగపడ్డాను. చాక్‌పీస్ తీసుకుని వెనిగర్‌లో వేశాను బుడగలు వస్తాయి చూడండి అని. రాలేదు. మళ్ళీ వేశాను. రాలేదు. మామూలు స్కూలు చాక్‌పీసులు చాలావరకు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో చేసినవి, అందులో సున్నపురాయి ఉండదు, నాకు తరవాత తెలిసింది. మీరు కోడిగుడ్డు పెంకు వాడండి, లేకపోతే బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు, ఆల్చిప్పలు, బుసబుసా పొంగుతాయి. పక్కన ఇంకో గ్లాసులో బీచ్ ఇసుక కొంచెం కడిగి, గవ్వ ముక్కలు ఏరేసి, అదే వెనిగర్ పొయ్యండి, ఏమీ కాదు. మొండి క్వార్ట్జ్ అని చెప్పాం కదా, ఇప్పుడు చూశారు.

బొర్రా నుంచి గోస్తనీ కిందకి దిగుద్ది. దారిలో కొండ వాలు. ఇక్కడ ట్రే ప్రయోగం పెట్టండి. రెండు ప్లాస్టిక్ ట్రేలు గానీ, సగానికి కోసిన 20 లీటర్ల నీళ్ళ డబ్బా గానీ, ఎర్రమట్టి ఇసుక కలిపి నింపి రెండిటి కిందా ఒకే ఎత్తులో పుస్తకాలు పెట్టండి. ఒకదాని మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు పరవండి, ఇంకోటి బోడిగా వదిలెయ్యండి. మూతకి సూదితో బెజ్జాలు పెట్టిన బాటిల్‌తో రెండిటి మీదా ఒకేలా నీళ్ళు చల్లించి, కింద గ్లాసుల్లో పట్టమనండి. బోడి ట్రే నుంచి వచ్చిన నీళ్ళు టీ లాగుంటాయి. అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ, దాని కింద ఆకుల మెత్త ఎందుకు ఉంచుతారో అప్పుడు చెప్పండి. ఇక్కడ ఒక జాగ్రత్త, పోడు వ్యవసాయం గురించి పుస్తకంలో నాలుగు లైన్లు ఉంటే మన సిటీ పిల్లలు వెంటనే "గిరిజనులు కొండల్ని పాడుచేస్తున్నారు సార్" అని రాసేస్తారు. నేను ఒప్పుకోను. ఆ పక్కనే మన సిటీలో లేఅవుట్ కోసం నిలువునా కోసేసిన కొండ ఫోటో పెడతాను, దీని మట్టి ఏ డ్రైనేజీలోకి పోతోంది చెప్పండి అంటాను. చాలాసేపు ఎవరూ మాట్లాడరు. కొత్తవలస కిరండూల్ లైన్ మీద వానాకాలం బండరాళ్ళు పడి అరకు రైలు ఆగిపోవడం కూడా ఇక్కడే చెప్పొచ్చు, నీళ్ళే కాదు, బరువుకి తనంతట తను జారడం కూడా కదలడమే కదా.

తరవాత తాటిపూడి రిజర్వాయర్. వైజాగ్‌కి తాగునీళ్ళు ఇచ్చే వాటిలో అదొకటి, కాబట్టి పిల్లలకి సంబంధం ఉంది. పారే నీళ్ళు ఆగితే మోస్తున్న సరుకు దిగిపోద్ది, రిజర్వాయర్ అడుగున పూడిక చేరుద్ది, మరి కిందకి భీమిలికి చేరే ఇసుక ఏమవుద్ది అని అడిగి వదిలెయ్యండి, తగ్గుద్ది అని వాళ్ళే చెప్తారు.

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకి ఒక చిన్న ప్రయోగం ఉంది, ఇది చేసే టీచర్లని నేను పెద్దగా చూళ్ళేదు, చాలా తేలిక. బంకమట్టి కలిపిన బురద నీళ్ళు రెండు ఒకేలాంటి బాటిళ్ళలో పొయ్యండి. ఒకదాంట్లో రెండు స్పూన్లు ఉప్పు వెయ్యండి. బాగా ఊపి కిటికీలో పెట్టెయ్యండి. మొదటి పీరియడ్‌లో పెడితే మధ్యాహ్నం అన్నాల వేళకి తేడా కనపడుద్ది, ఉప్పు వేసిన బాటిల్ తేటపడుద్ది, రెండోది ఇంకా బురదగానే ఉంటది. ఉప్పు వల్ల సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందకి దిగిపోతాయి. నది వేగం తగ్గడం ఒక కారణం, సముద్రపు ఉప్పు రెండో కారణం, అందుకే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర బురద మేట అంత ఎక్కువ. మత్స్యకారుల పిల్లలు మీ క్లాసులో ఉంటే మొగ పూడిపోవడం అంటే ఏంటో మీకన్నా నాకన్నా బాగా చెప్తారు.

ఇక బీచ్ ఇసుక. ఆదివారం ఇంట్లో వాళ్ళతో బీచ్‌కి వెళ్ళే పిల్లల్ని ఒక అగ్గిపెట్టె ఇసుక తెమ్మనండి, అంతే చాలు, బస్తాలు వద్దు, ఆ ఖనిజాలకి చట్టాలున్నాయి. అల వెనక్కి పోయిన చోట నల్ల చారలు ఉంటాయి కదా, అక్కడిది ఒక పెట్టె, తెల్ల ఇసుక ఒక పెట్టె. పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి నల్ల ఇసుక మీద తిప్పితే గడ్డంలా పట్టుకుని వచ్చేస్తాయి, అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. కవర్ లేకుండా పెట్టకండి, జన్మలో వదలదు. మిగిలిన దాంట్లో ఇల్మనైట్ అనే ఇంకో నల్ల ఖనిజం ఉంటది, గులాబీ ఎరుపు గాజు ముక్కల్లా మెరిసేవి గార్నెట్. ఉంగరంలో పెట్టే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబంలోదే అంటే ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ ఇసుక మీద పడతారు, ధనవంతులైపోదామని. వాళ్ళు అలా వంగి చూస్తున్నప్పుడే చెప్పాలి, ఈ గార్నెట్ సముద్రంలో పుట్టలేదు, మొన్న మనం చూసిన ఖోండలైట్ కొండలో ఉన్నదే ఇది, ఫెల్డ్‌స్పార్ సుద్ద అయిపోయినప్పుడు ఇది ఊడిపడింది, గెడ్డలో (కొండ వాగులో) దొర్లుకుంటూ వచ్చింది. మరి నల్లవి వేరుగా, తెల్లవి వేరుగా ఎందుకు పేర్చినట్టున్నాయి? అమ్మ బియ్యం గాలిస్తుంది కదా, బరువైన రాళ్ళు గిన్నె అడుగున మిగిలిపోతాయి, తేలికైన బియ్యం నీళ్ళతో పోతాయి. అల చేసేదీ అదే, రోజంతా గాలిస్తూనే ఉంటది.

ఎర్రమట్టి దిబ్బలు చివరికి ఉంచడానికి కారణం ఉంది. పుస్తకంలో ముందు చివకడం, తరవాత కోత, తరవాత మేట అని వరస ఉంటది, పిల్లలు దాన్ని అలాగే మూడు మెట్లు అనుకుంటారు, మేటతో కథ అయిపోయినట్టు. దిబ్బల దగ్గర ఆ వరస తిరగబడుద్ది. సుమారు 20 వేల ఏళ్ళ కిందట, మంచుయుగం బాగా ముదిరినప్పుడు, ప్రపంచంలో నీళ్ళు చాలా మంచుగా గడ్డకట్టి సముద్ర మట్టం ఇప్పటికన్నా ఇంచుమించు 120 మీటర్లు కిందకి ఉండేది. అంటే మన బీచ్ ఇప్పుడున్న చోటు నుంచి సముద్రం వైపు చాలా దూరం జరిగిపోయింది, సముద్రం అడుగు బయటపడింది. అలాంటి కాలాల్లో ఎండిన ఇసుకని గాలి ఎత్తి తెచ్చి ఒడ్డున దిబ్బలుగా పోసింది, గెడ్డలు కూడా కొండ నుంచి మట్టి తెచ్చి చేర్చాయి. అది మేట. ఆ తరవాత ఆ ఇసుకలోనే ఉన్న ఇనుము ఖనిజాలు వానకీ ఎండకీ చివికి తుప్పు పట్టి ప్రతి రేణువుకీ ఎర్రటి పూత పూశాయి. అది చివకడం, మేట అయ్యాక. ఇప్పుడు ప్రతి వానకీ ఆ ఎర్ర దిబ్బల్ని నీళ్ళు కోస్తున్నాయి, సన్నటి సందులు, నిట్టనిలువు గోడలు, అదంతా కోత. ఆ కోసిన మట్టి మళ్ళీ బీచ్‌లోకి. ఇలాంటి ఎర్ర ఇసుక తీరాలు మన ఉపఖండంలో చాలా తక్కువ, తమిళనాడులో తేరి ఇసుకలు, శ్రీలంకలో కొంత, మన దగ్గర. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. పిల్లలకి నేను ఒక మాట కచ్చితంగా చెప్పేవాడిని, ఆ గోడ మీద గోటితో గీస్తే దిగిపోద్ది, అంత మెత్తన, మీ పేర్లు చెక్కితే కోతకి మీరే దారి తీసినట్టు. సంచిలో మట్టి తెచ్చుకోవడం కూడా వద్దు.

తెలివైన పిల్లలుంటే ఇంకో మెలిక వెయ్యండి. మన ఖోండలైట్ కొండ కూడా ఒకప్పుడు ఇసుకా బురదా మేటే. భూమి లోపలికి కూరుకుపోయి, విపరీతమైన వేడికి ఒత్తిడికి, దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట, ఇప్పుడున్న రాయిగా మారింది. నేనీ ముక్క చెప్పిన ఏడాది ఒకమ్మాయి "అయితే మన బీచ్ కూడా కొండ అవుద్దా సార్" అని అడిగింది. అవ్వొచ్చమ్మా, మనం మాత్రం చూడం అన్నాను.

ఆర్కే బీచ్ గురించి చెప్పకుండా వైజాగ్‌లో ఈ పాఠం అవ్వదు. అలలు ఒడ్డుకి నేరుగా రావు, ఏటవాలుగా వచ్చి ఇసుకని పక్కకి తోస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం నైరుతి గాలుల వల్ల ఇసుక దక్షిణం నుంచి భీమిలి వైపు నడుస్తుంది, శీతాకాలంలో కొంత వెనక్కి వస్తుంది, మొత్తం మీద లెక్క ఉత్తరానికే. 1933లో లోపలి హార్బర్ తెరిచిన కాలం నుంచీ పోర్టుకి ఈ ఇసుకతోనే పేచీ, మొదట్లో రెండు పాత ఓడల్ని కావాలని ముంచి వాటినే అడ్డుగోడగా వాడారు (ఇది చెప్తే క్లాసు మొత్తం లేచి కూర్చుంటుంది). తరవాత 1970ల్లో అవుటర్ హార్బర్ గోడలు వచ్చాయి. గోడకి దక్షిణాన ఇసుక ఆగిపోద్ది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావాల్సిన వాటా రాదు, కానీ అలలు తీసుకెళ్ళేది మాత్రం తీసుకెళ్తూనే ఉంటాయి. జీతం ఆగిపోయి ఖర్చు ఆగని ఇల్లు లాంటిది. అందుకే డ్రెడ్జర్ ఆ ఆగిన ఇసుకని తోడి తెచ్చి ఇటు పోస్తుంటది. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఒక్కో సీజన్‌లో బీచ్ ఎంత వెడల్పు ఉందో పిల్లల ఇంట్లో ఫోన్లలో పాత సెల్ఫీలు ఉంటాయి, వెనకాల ఇసుక చూడమనండి. పైసా ఖర్చు లేని ప్రాజెక్ట్. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తుఫాను ముందు ఫోటో, తరవాత ఫోటో ఎవరి ఇంట్లోనైనా దొరికితే అది బంగారం, కోతకి ఎప్పుడూ లక్షల ఏళ్ళు అక్కర్లేదని, ఒక్క రోజు చాలని వాళ్ళకి తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో అపోహ సరిచెయ్యాలి, కోత చెడ్డది, మేట మంచిది అని. గోదావరి ఒడ్డు రైతుకి ఒండ్రు మేట వరం, మొగ పూడిన మత్స్యకారుడికి మేటే శాపం, పోర్టుకీ శాపమే, ఆర్కే బీచ్ పక్కన ఐస్‌క్రీమ్ బండి వాడికి మళ్ళీ వరం. ఎవరికి అని అడగడం అలవాటు చేయించండి.

పరీక్ష సంగతి. "శైథిల్యం అనగానేమి" అని పెడితే మీరు ఇప్పుడు పడుతున్న బాధే మళ్ళీ. నేను పెట్టేవి ఇలా ఉండేవి: స్కూలు గోడ పెచ్చు ఊడి గోడ మొదట్లో పడి ఉంది, వాన వచ్చాక అది గేటు దగ్గర కనపడింది, ఎక్కడెక్కడ ఏం జరిగింది? గోడ మొదట్లో పడటం కదలడమా కాదా అని వాదించిన వాడికి కారణం సరిగ్గా రాస్తే మార్కు ఇచ్చేసేవాణ్ణి, ఎటు వాదించినా. రెండోది, బొర్రా నుంచి భీమిలి దాకా ఒక గార్నెట్ గింజ తన కథ చెప్పుకుంటున్నట్టు రాయండి. ఇందులో పెద్ద తిరకాసుంది, బొర్రాలో ఉన్నది సున్నపురాయి, గార్నెట్ చుట్టుపక్కల కొండది, అది కనిపెట్టి రాసిన వాడికి నేను ఫుల్ మార్కులు వేసేవాణ్ణి. ఒకడైతే "నేను తాటిపూడి డ్యామ్‌లో ఇరుక్కుపోయాను, నన్ను ఎవరూ బయటికి తియ్యలేదు" అని మూడు లైన్లు రాసి ఆపేశాడు. వాడికీ ఫుల్లే.

శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణ అన్న మాటలు నాలుగో పీరియడ్‌లో బోర్డు మీద చివకడం, కోత, మేట పక్కన రాయండి, బోర్డు పరీక్షల్లో అవే రాయాలి కాబట్టి. అప్పటికి అవి కొత్త పేర్లే గానీ కొత్త విషయాలు కావు.

పర్మిషన్ ఎప్పటికైనా దొరికితే దిబ్బలకి నవంబర్ తరవాత వెళ్ళండి, పొద్దున్నే ఎనిమిది లోపు, పదకొండు దాటితే అక్కడ నీడ ఉండదు, నేనొకసారి మధ్యాహ్నం తీసుకెళ్ళి ఇద్దరు పిల్లలకి కళ్ళు తిరిగితే హెడ్ మాస్టారి దగ్గర బాగా తిట్లు తిన్నాను. నిలువు గోడల కిందకి పంపకండి, వాన పడిన వారంలో అసలు వద్దు, కూలుతాయి. బీచ్ అయితే తడి ఇసుక గీత దాటనివ్వకండి, మన దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, ఎంత ఈత వచ్చిన వాడైనా సరే. ఒక్కో పది మందికీ ఒక పెద్దవాళ్ళు ఉండేలా చూసుకోండి. అయస్కాంతాలు ఇంటి నుంచి తెచ్చుకోమంటే సగం మంది మర్చిపోతారు, మీరే నాలుగు ఎక్స్‌ట్రా పెట్టుకోండి.